వేలం పాటలో ఆంటీ పాట

ఆదివారం రాత్రి ఒంటిగంట దాటింది. తెల్లారితే ఆఫీసు. ఇంట్లో అందరూ నిద్రపోతుంటే నేను మాత్రం ల్యాప్‌టాప్‌ ముందు కూర్చుని నిమిషాలు లెక్కపెడుతున్నాను. ఇంగ్లండులో ఎవరో అమ్మకానికి పెట్టిన ఓ పాత గ్రామఫోన్‌ రికార్డు ఆన్‌లైన్‌ వేలం ఒకటిన్నరకి ముగుస్తుంది. అక్కడ అప్పుడు రాత్రి ఎనిమిదే. వాళ్లు భోంచేసి తీరిగ్గా పాడుకుంటారు. నిద్ర చెడేది మనకే! వేలాన్ని మనవాళ్లు ‘పాట’ అని ఎందుకన్నారో గానీ, పాట కోసం పాట పాడటం నాకదే మొదటిసారి.

అసలు సంగతి చెప్పాలంటే లాలాగూడ వెళ్లాలి. నాన్నది రైల్వే ఉద్యోగం. మా క్వార్టర్స్‌ పక్కింట్లో ఓ ఆంగ్లో ఇండియన్‌ ఆంటీ ఉండేది. ఆవిడ తండ్రి యుద్ధకాలంలో ఖరగ్‌పూర్‌లో రైలు డ్రైవరట. ఆయన కలకత్తాలో కొన్న జాజ్‌ రికార్డులు క్రిస్మస్‌కి మాత్రమే బయటికొచ్చేవి. కేకు కన్నా నాకు ఆ తిరిగే పళ్లెమే ఇష్టం. 1997 క్రిస్మస్‌ నాడు, తొమ్మిదేళ్ల వయసులో, ఎవరూ చూడకుండా ఒకటి చేతిలోకి తీసుకున్నాను. జారింది. మూడు ముక్కలు!

ముక్కల్ని కవర్లో పెట్టి, దొంతర అడుక్కి తోసేశాను. ఆంటీ అడగలేదు. నేను చెప్పలేదు. 2001లో వాళ్లు ఆస్ట్రేలియా వెళ్లిపోయారు.

అంత సులువుగా ఎందుకు పగిలిందో పెద్దయ్యాక తెలిసింది. ఆ కాలపు రికార్డులు ప్లాస్టిక్‌వి కావు, లక్కలో రాతిపొడి కలిపి చేసినవి. మన లాడ్‌బజారు గాజుల్లో ఉండే లక్కే! ప్రపంచానికి అది ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. యుద్ధం వల్ల సరఫరా తగ్గేసరికి 1942లో అమెరికా రికార్డుల తయారీకి లక్క వాడకంలో కోత పెట్టింది.

నిరుడు ఓ కథనం కోసం కలకత్తా జాజ్‌ గురించి చదువుతుంటే ఓ పాత లేబుల్‌ ఫొటో కనిపించింది. కొలంబియా కంపెనీ వాళ్ల జంట స్వరాల గుర్తు, కింద ‘టెడ్డీ’ అన్న పేరు. గుండె ఝల్లుమంది. నా చేతిలోంచి జారిందాని మీద ఉన్నదీ అదే! టెడ్డీ వెదర్‌ఫోర్డ్‌ అమెరికా నల్లజాతి పియానో కళాకారుడు. 1920ల్లో షికాగోలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి వాయించాడు. 1926లో ఆసియాకి ఓడెక్కి షాంఘై, బొంబాయి తిరిగి, యుద్ధకాలంలో కలకత్తా గ్రాండ్‌ హోటల్లో బ్యాండ్‌ నడిపాడు. అక్కడే రికార్డులిచ్చాడు. 1945లో కలరా సోకి అక్కడే పోయాడు. 41 ఏళ్లు!

సరే, వేలం దగ్గరికొద్దాం. మనం ఎంతవరకు పెట్టగలమో ముందే చెబితే, అవతలి వాళ్ల పాటని దాటడానికి ఎంత కావాలో అంతే సైటు పెంచుతూ పోతుంది. తెలివైనవాళ్లు పాడేది ఆఖరి పది సెకన్లలోనే. అందుకే ముందుగా ధర చూసి మురిసిపోకూడదు. నేను 40 పౌండ్లు అనుకున్నాను. దాటిపోయింది. 50 అన్నాను. అదీ దాటింది. ఆ అవతలి మనిషెవరో గానీ ఆ క్షణంలో నాకు జన్మశత్రువు!

‘‘ఇంకా పడుకోలేదా?’’ వెనక నా భార్య.

‘‘రెండు నిమిషాలు.’’

‘‘ఎంత?’’

చెప్పాను. వాషింగ్‌ మెషీన్‌ కోసం దాచిన డబ్బు సంగతి తను ఎత్తలేదు. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ‘‘ఆపేస్తే మళ్లీ దొరుకుతుందా?’’ అంది. ఏమో అన్నాను. ‘‘అయితే ఇంకోసారి కొట్టండి.’’

63 పౌండ్లకి మనదైంది. తపాలా, సుంకం కలిపి తొమ్మిది వేలు దాటింది. మెషీన్‌ ఇంకా కొనలేదు.

మూడు వారాలకి రికార్డు క్షేమంగా వచ్చింది. తీరా చూస్తే మా ప్లేయర్లో 33, 45 వేగాలే ఉన్నాయి. దీనికి 78 కావాలి, ముల్లు కూడా లావుది కావాలి! ఈ బుద్ధి ముందే ఉండాల్సింది. పాతబస్తీలో గ్రామఫోన్లు బాగుచేసే దుకాణం వెతికి పట్టుకున్నాను. అక్కణ్నించే పెర్త్‌కి వీడియో కాల్‌ చేశాను. ఆంటీకి ఎనభై దాటాయి. ముందు నేరం ఒప్పుకున్నాను. ఆవిడకి అసలు గుర్తే లేదు! ఇరవై ఎనిమిదేళ్లుగా నేనొక్కణ్నే మోస్తున్నానన్నమాట.

దుకాణదారు ముల్లు దించాడు. గరగరల మధ్యలోంచి పియానో లేచింది. ఫోన్‌ దగ్గరగా పట్టుకున్నాను.

ఆంటీ కళ్లు మూసుకుని కాసేపు విన్నది. ‘‘ఇది మా ఇంట్లోది కాదు బాబూ. అది వేరే పాట’’ అంది వచ్చీరాని తెలుగులో.

నా మొహం చూసి దుకాణదారు ముల్లు ఎత్తబోయాడు.

‘‘తీయొద్దు, తీయొద్దు’’ అంది ఆంటీ. ‘‘రెండోవైపు ఏముందో అది కూడా వెయ్యి.’’