నల్లచట్రాల కిటికీలకు ఏ తెరలు?

మా బర్కత్‌పురలో ఒకప్పుడు కిటికీ అంటే టేకు చట్రం, నిలువు ఇనుప ఊచలు, ఆకుపచ్చ రంగు వేసిన చెక్క రెక్కలు. పాత ఇళ్ళు ఒక్కొక్కటే అపార్టుమెంట్లుగా మారిన తరువాత జారుడు అద్దాలు, వాటి చుట్టూ కాఫీ గింజ రంగులోనో బొగ్గు రంగులోనో అల్యూమినియం, యూపీవీసీ చట్రాలు వచ్చాయి. మేముంటున్న రెండవ అంతస్తులోనూ అవే. వాటికి ఎటువంటి తెరలు వేయాలన్న చర్చ మా ఇంట్లో పదిహేను రోజులు సాగింది. సుల్తాన్ బజార్ దుకాణదారు "చట్రం నలుపు కదా సార్, మెరూన్ వేయండి, మ్యాచింగ్‌గా ఉంటుంది" అన్నాడు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి, వెలుతురు చొరబడని బ్లాకవుట్ తెరలే మేలన్నాడు. మా శ్రీమతికి పూలతీగల డిజైను నచ్చింది.

ఎవరి మాటనూ తోసిపుచ్చవలసిన పని లేదు. అయితే వైద్యుడిగా నాకు తెర అంటే ఇంట్లోకి వచ్చే వెలుతురు మోతాదును సరిచేసే సాధనం. మా ఇంట్లో ఎనభై రెండేళ్ళ అక్కయ్య కూడా ఉన్నందువల్ల ఆ మోతాదు మరింత ముఖ్యమైంది.

ముందు కంటి సంగతి. వయసుతో పాటు కనుపాప చిన్నదవుతుంది, కటకం పసుపుబారుతుంది. ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే అరవై ఏళ్ళ కంటి రెటీనాకు చేరే వెలుతురు సుమారు మూడో వంతు మాత్రమే. కనుక వృద్ధులున్న గదిని పగలు చీకటి చేయరాదు. కాని శుక్లం మొదలైన కంట్లో వెలుతురు చెదురుతుంది. ఎక్కువైతే కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి. నా కుడికంటికి శుక్లం తీసి కృత్రిమ కటకం అమర్చారు, ఎడమకంట ఇంకా ముదరలేదు. ఒక్కొక్క కన్ను మూసి మా హాలు కిటికీని చూస్తే తేడా బాగా తెలుస్తుంది. కుడికంటికి చట్రం గీత గీసినట్లు కనబడుతుంది. ఎడమకంటికి అద్దంలోని వెలుగు చట్రం మీదికి పొంగి, కిటికీ ముందు కూర్చున్న మనిషి ముఖమే కనబడక నల్లని ఆకారంలా ఉంటాడు.

పాత ఇళ్ళలో గోడలు మందం. సున్నం కొట్టిన ఆ గోడ మందం మీద వెలుతురు పడి, మెల్లగా తగ్గుతూ గదిలోకి వచ్చేది. నల్లచట్రంలో ఆ మెట్టు లేదు. మండే ఆకాశం పక్కనే కటిక నలుపు. అందుకే నా ఓటు మెరూన్‌కు పడలేదు. పలుచని, మీగడ రంగు నూలుతెర లోపలివైపు వేయించాను. అది చట్రాన్ని కూడా కప్పేటట్లు రాడ్డును రెండు వైపులా ఒక్కొక్క జానెడు పొడిగించమన్నాను. దానివల్ల మరొక ప్రయోజనం, తెరను పూర్తిగా జరిపినప్పుడు కుచ్చిళ్ళు గోడ మీదికి వెళ్ళి అద్దమంతా ఖాళీగా ఉంటుంది.

రాత్రి వేళ సమస్య వేరు. అక్కయ్యకు మూడేళ్ళుగా అల్జీమర్స్. తెరలు లేని ఆ పదిహేను రోజుల్లో ఒక సాయంత్రం ఆమె నన్ను పిలిచి, "తమ్ముడూ, ఆ ముసలావిడ ఎవర్రా? ఇందాకటి నుంచి అలాగే నిలబడి ఉంది. లోపలికి పిలిచి కాసిని మంచినీళ్ళివ్వు" అన్నది. బయట చీకటిపడి లోపల దీపం వెలిగితే కిటికీ అద్దం నిలువుటద్దమవుతుంది. నల్లచట్రం దానికి పటం కట్టినట్లుంటుంది. ఈ వ్యాధిలో కొందరు తమ ప్రతిబింబాన్ని తామే గుర్తించలేరు. మా అక్కయ్య జాలిపడింది గనుక సరిపోయింది. భయపడి కేకలు వేసేవారు, పరుగెత్తబోయి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకునేవారు ఉంటారు. "అది నువ్వేనమ్మా" అని వాదించి లాభం లేదు. ముందు తెర వేసి, ఆ తరువాతే దీపం వేయాలి. హైదరాబాదులో ఆ వేళ డిసెంబరులో ఐదున్నర, జూన్‌లో ఆరున్నర దాటాక.

కనుక ఆమె గదికి పలుచని తెరతో పాటు మందపాటి రెండవ తెర కూడా అవసరమైంది. అది సాదాగా ఉండాలి. చూపు, మతి రెండూ మందగించినవారికి మసక వెలుతురులో పూలతీగలు పాములుగా, చుక్కలు పురుగులుగా తోచవచ్చు. ఈ మాట చెప్పగానే మా శ్రీమతి పూలగుడ్డను హాలు దిండ్లకు మళ్ళించింది. తెర అంచు నేలకు రెండంగుళాలు పైన ఆగాలి. జీరాడే గుడ్డ కాళ్ళకు చుట్టుకుంటుంది. రాడ్డు గోడకు గట్టిగా బిగించాలి, తూలినప్పుడు పెద్దవాళ్ళు చేతికందిన గుడ్డనే పట్టుకుంటారు.

మా అబ్బాయి చెప్పిన బ్లాకవుట్ గుడ్డ రాత్రికి మంచిదే. పగలంతా అది మూసి ఉంటేనే చిక్కు. శరీరంలోని గడియారానికి ఉదయపు వెలుతురే తాళంచెవి. ఆ గడియారం పనిచేసే తీరును వివరించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. మతిమరుపు వ్యాధిలో ఆ గడియారం ముందే గాడి తప్పి ఉంటుంది. అందుకని ఉదయం ఆరింటికల్లా అక్కయ్య గది తెరలు తీసేస్తాం. అద్దం వెనుక ఎండలో కూర్చుంటే విటమిన్ డి వస్తుందనుకోకండి; దానికి కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. అద్దమైనా జరపాలి, బాల్కనీలోకైనా రావాలి.

వేడి విషయంలో దుకాణాలు చెప్పేదానికన్నా దిక్కు ముఖ్యం. మే రెండవ వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల వరకు మన నగరంలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. కాబట్టి వేసవిలో దక్షిణపు కిటికీ కన్నా పడమటి కిటికీతోనే బాధ. లోపలి తెర ఎంత మందమైనా, అద్దం దాటి వచ్చిన వేడి సగం గదిలోనే ఉండిపోతుంది. మా పడమటి బాల్కనీకి బయటివైపు వట్టివేళ్ళ తడిక కట్టించాను. లోపలి తెరకు అద్దం వైపు తెల్లని లైనింగు చాలు.

ఇక ఆయాసం ఉన్నవారి ఇంట బరువైన వెల్వెట్ వద్దు. దుమ్ములోని సూక్ష్మకీటకాలు అరవై డిగ్రీల వేడినీటికి చస్తాయి, ఆ ఉతుకుడుకు ఓర్చే నూలుగుడ్డ తీసుకోండి. డెంగీ దోమకు చీకటి మడతలంటే ప్రీతి. ఆడుగుల దూరంలోనే నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి రోనాల్డ్ రాస్ పేరుంది. మలేరియా రహస్యాన్ని ఆయన 1897 ఆగస్టు 20న కనుగొన్నది సికింద్రాబాదులోనే. ఆ గౌరవానికైనా తెర వెనుక జాలీ ఉండాలి. మనవలు వచ్చే ఇళ్ళలో తాళ్ళు వేలాడే బ్లైండ్స్ వద్దే వద్దు, పసిపిల్లల మెడకు ఉరి పడిన సంఘటనలు వైద్యులకు తెలుసు.

వంటింటి కిటికీకి మేము తెరే వేయలేదు. పొయ్యి పక్కన గాలికి ఎగిరే గుడ్డ, అందునా పాలియెస్టర్, ప్రమాదం. అద్దం కింది సగానికి మసక కాగితం అంటించాం, పై సగం ఖాళీగా వదిలేశాం.