పొగ లేని నిప్పు

నిప్పు లేనిదే పొగ రాదంటారు. పొగ లేని నిప్పు సంగతి మాత్రం ఏ సామెతా చెప్పలేదు. మా కోయిలకుంట్ల లాంటి ఊళ్లలో ఆ అవసరం పెద్దగా రాలేదేమో.

మాది ఎండల సీమ. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి లోపలికి ఎట్లా వస్తుందా అన్న తిప్పలే గానీ, గాలిని ఎట్లా ఆపాలా అన్న ఆలోచన ఉండదు. ఎండాకాలమైతే పడక మిద్దె మీదే. మా అవ్వవాళ్ల పాత మట్టిమిద్దెకు నడుమ గవాచి ఉండేది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, వెలుతురు రావడానికి, పొగ పోవడానికి పైకప్పులో వదిలే కంతను గవాచి అంటాం. వాన వస్తే ఎవరో ఒకరు పైకెక్కి దాన్ని మూసి రావాలి. ఇంట్లో బాలింత ఉంటే మంచం దగ్గర కుంపటి పెట్టేవాళ్లు. బొగ్గులు ముందు బయట రాజేసి, "పొగ పోయినంక లోపలికి తేండి" అనేది అవ్వ. కళ్లు మండకపోతే అది మంచి నిప్పని లెక్క.

ఆ లెక్క సగమే నిజం. పొగ కనిపించకుండా ఎర్రగా కణకణలాడే బొగ్గుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. అవ్వవాళ్లను కాపాడింది ఆ లెక్క కాదు, గవాచి. ఇప్పుడు మనం సెమ్ పరీక్షలు అయిపోగానే ఊటీ అనో, అరకు అనో, లంబసింగి అనో బయల్దేరుతున్నాం. ఫోన్‌లో ఫొటోలు చూసి రెండు రోజులకు ఇల్లు బుక్ చేస్తున్నాం. అక్కడ చలి కాబట్టి కిటికీలన్నీ బిగిస్తాం. అవ్వ లెక్క మన వెంట వస్తోంది గానీ గవాచి రావడం లేదు.

ఈ వాయువును ఇంటర్ కెమిస్ట్రీలో ఒక లైన్‌లో చదివేశాం. రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాస్ లీకైతే ముక్కు పట్టేస్తుంది కదా అనుకోవచ్చు. ఆ వాసన గ్యాస్‌ది కాదు, మనకు తెలియాలని కావాలనే కలిపే ఇథైల్ మెర్కాప్టన్‌ది. అదే గ్యాస్ గాలి చాలక అరకొరగా కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి హెచ్చరించే వాసన ఏదీ ఉండదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మొదట తలనొప్పి, వికారం, నీరసం. కరోనా నాటి పల్స్ ఆక్సీమీటర్ ఉంది కదా అంటారా? మామూలు ఆక్సీమీటర్‌కు ఈ తేడా తెలియదు. మనిషి పడిపోతున్నా అది 98 చూపించొచ్చు.

2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. కేరళ నుంచి వెళ్లిన పర్యాటకులు ఒక రిసార్టులో రాత్రికి దిగారు. చలికి గ్యాస్ హీటర్ పెట్టుకుని, తలుపులు గడియపెట్టి, ఒకే గదిలో ఎనిమిది మంది పడుకున్నారు. అందులో నలుగురు పిల్లలు. తెల్లారి తలుపులు తీయించేసరికి అందరూ అపస్మారకంలో ఉన్నారు. హెలికాప్టర్‌లో ఖాట్మండు తీసుకెళ్లినా ఒక్కరూ దక్కలేదు. 2022 అక్టోబర్ చివర్లో మెక్సికో సిటీలో అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లో ముగ్గురు అమెరికన్ యువతీయువకులు ఇదే వాయువుతో చనిపోయారు. వీళ్లెవరూ తెలివితక్కువవాళ్లు కాదు. మనలాగే సెలవులకు వచ్చి, ఇంటివాళ్లు అన్నీ చూసుకుని ఉంటారని నమ్మి పడుకున్నవాళ్లు.

పోయిన జనవరిలో మేం ఆరుగురం నీలగిరుల్లో ఒక కాటేజీకి వెళ్లాం. బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంది. చలిగాలి రాకుండా వెంటిలేటర్‌కు ఎవరో ప్లాస్టిక్ పట్టా కొట్టేశారు. పొద్దున్నే ఒకరి తర్వాత ఒకరు స్నానానికి వెళ్లారు. మొదట వచ్చినవాడు తల బరువుగా ఉందన్నాడు. "ఘాట్ రోడ్డు మలుపులు రా" అన్నాం. రెండోవాడికి వాంతి అయింది. "రాత్రి తిన్న బిర్యానీ" అన్నాం. మూడోవాడు బయటికొచ్చి గోడ పట్టుకుని అట్లే కూర్చుండిపోయాడు. కేర్‌టేకర్ వచ్చి చూసి, చలికి అట్లాగే ఉంటుంది, వేడి టీ తాగితే సర్దుకుంటుందన్నాడు. అప్పుడు మా ఈసీఈ వాడు ఒక్క మాట అడిగాడు: "బాగలేనిది స్నానం చేసినోళ్లకేనా?"

అంతే. ఇంకా స్నానం చేయని ముగ్గురం బాగానే ఉన్నాం. గీజర్ ఆపి, తలుపులన్నీ తీసి, ఆ ముగ్గురినీ ఆరుబయటికి నడిపించాం. ఆసుపత్రిలో డాక్టర్ విషయం వినగానే ఆక్సిజన్ పెట్టించారు. మామూలు గాలి పీలిస్తే రక్తంలోని ఈ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. సాయంత్రానికి ముగ్గురూ తేరుకున్నారు. మూడోవాడు వాళ్లమ్మకు ఫోన్ చేసి, ఏం చెప్పాలో తెలియక "తిన్నానమ్మా" అని పెట్టేశాడు. మాలో ఎవరం నవ్వలేదు.

ఇంటి ఓనర్‌కు ఫోన్ చేస్తే వచ్చిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఇన్నేళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు సార్." ఆయన అబద్ధం చెప్పలేదనే అనుకుంటున్నా. భార్యాభర్తలు ఇద్దరే వస్తే గీజర్ కాసేపే మండుతుంది. ఆరుగురు వరసగా స్నానం చేస్తే గంటసేపు మండుతుంది. మొన్నటిదాకా వెంటిలేటర్ తెరిచి ఉంది, నిన్న పట్టా కొట్టారు. కాబట్టి ఏమీ కాకపోవడం ఏ పరీక్షకూ జవాబు కాదు. ఇంజనీరింగ్ చదివేవాళ్లం, మనకు ఇది వేరే చెప్పాలా? కానీ మనం కూడా "ఏమైతాదిలేరా" అంటాం. ఓనర్ మాటకూ మన మాటకూ పెద్ద తేడా లేదు.

ఇంగ్లండ్‌లో 2022 అక్టోబర్ నుంచి అద్దె ఇళ్లలో గ్యాస్ బాయిలర్ లాంటివి బిగించిన ప్రతి గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. మన దగ్గర మనమే అడగాలి. బుక్ చేసేముందు మూడు ప్రశ్నలు చాలు. గీజర్ కరెంటుదా, గ్యాస్‌దా? గ్యాస్‌దైతే బాత్రూం లోపల ఉందా, బయట ఉందా? అలారం ఉందా? ఎయిర్‌బీఎన్‌బీ లాంటి వాటిలో అలారం ఉన్న ఇళ్లను వేరుగా వెతుక్కోవచ్చు. అయితే ఉందని రాసేది ఓనరే, కాబట్టి వెళ్లగానే గోడ మీద చూసి బటన్ నొక్కి పరీక్షించండి. బొగ్గుల కుంపటి, బార్బెక్యూ పొయ్యి ఆరినట్టు కనిపించినా గదిలోకి తేనివ్వకండి.

మన ల్యాబ్‌లో ఎంక్యూ-7 సెన్సర్, ఆర్డ్యునో, బజర్‌తో చేసిన మినీ ప్రాజెక్టు పట్టుకెళ్దామని కొందరన్నారు. వద్దు. అది మార్కులకు. ప్రమాణాలకు లోబడి తయారైన అలారం లెక్క వేరు. యూఎల్ 2034 ప్రమాణం ప్రకారం 70 పీపీఎం ఉంటే 1 నుంచి 4 గంటల్లోపు, 400 పీపీఎం ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లోపు మోగాలి. ఈ వాయువు బరువు దాదాపు గాలి అంతే, కాబట్టి వంటగ్యాస్ డిటెక్టర్‌లాగా దీన్ని నేల దగ్గర పెట్టనక్కర్లేదు. పడుకునే గదిలో పెట్టుకుంటే నిద్రలోనూ వినిపిస్తుంది.

తిరిగొచ్చాక ఆరుగురం తలా ఇంత వేసుకుని బ్యాటరీతో నడిచే అలారం ఒకటి కొన్నాం. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఇప్పుడది హాస్టల్‌లో మా గది అలమరలో ఉంది. ఏ బ్యాచ్ ట్రిప్‌కు వెళ్లినా పుస్తకంలో పేరు రాసి తీసుకెళ్లొచ్చు, అద్దె లేదు. ఇప్పటికి నాలుగు ట్రిప్పులు తిరిగొచ్చింది, ఒక్కసారీ మోగలేదు. మోగలేదు కదా అని వదిలేసి పోకండి. ఇంకో మాట, దాని బ్యాటరీలు పీకి మౌస్‌కు వేసుకోకండి.