ఫుజి కొండ క్రింద పందెపు బాట

జపానులో టోక్యో నగరానికి పడమటగా సుమారు నూరు కిలోమీటర్ల దూరాన ఓయామా అనే చిన్న ఊరున్నది. ఆ ఊరి పరిధిలోనే, 3,776 మీటర్ల ఎత్తున్న ఫుజి కొండ పాదాన, మోటారు పందేలకై వేసిన బాట ఒకటి ఉన్నది. దాని పేరు ఫుజి స్పీడ్‌వే. జపాను మొగమే చూడనివారు కూడ ఎందరో ఆ బాట మీద కారు తోలినారు! ఎట్లాగంటారా?

1982లో నామ్కో అనే జపాను కంపెనీ 'పోల్ పొజిషన్' అనే వీడియో ఆటను తయారుచేసినది. మొదట అది నాణెం వేసి ఆడే పెద్ద యంత్రం. తరువాత అటారీ 2600 వంటి, ఇంట్లో టీ.వీ.కి తగిలించుకొనే పెట్టెలకు కూడ వచ్చినది. నిజంగా ఉన్న పందెపు బాటను ఆధారం చేసుకొన్న తొలి ఆటలలో ఇదొకటి. ముందు ఒంటరిగా ఒక చుట్టు తిరిగి, నిర్ణీత కాలంలో ముగించిన వారికే అసలు పందెంలో చోటు. స్టీరింగు త్రిప్పినకొద్దీ ఎదుట ఫుజి కొండ అటూ ఇటూ జరుగుతుంటుంది.

ఆటలో బాట మీద నీటి గుంటలున్నవి. వాటిలో పడితే వేగం తగ్గుతుంది. ప్రక్క కారును గాని, దారివారనున్న బోర్డును గాని తాకితే కారు భగ్గున పేలుతుంది. కొన్ని క్షణాలకే మళ్ళీ బాట మీద ప్రత్యక్షమవుతుంది. పోయేది కాలం మాత్రమే. వెనుక నిలబడి చూస్తూ నేను ఉలిక్కిపడితే మా అబ్బాయి, "ఏం కాదు నాన్నా, మళ్ళీ వస్తుంది" అన్నాడు. ఆ బాట అసలు చరిత్ర వాడికి చెప్పవలసి వచ్చినది.

1966లో తెరచినప్పుడు బాట పొడవు ఆరు కిలోమీటర్లు. అమెరికాలోని నాస్కార్ పందేల తీరున ఏటవాలు మలుపులతో కట్టదలచినారు గాని, డబ్బు చాలక అటువంటి మలుపు ఒక్కటే పూర్తయినది. దాని వాలు ముప్పై డిగ్రీలు. తిరునాళ్ళలో చెక్క బావి గోడల మీద మోటారు సైకిలు నడిపేవారిని చూచినవారికి ఆ తీరు కొంత తెలుస్తుంది. తిన్నని దారిన పూర్తి వేగంతో వచ్చిన కార్లు ఆ వాలులోకి దిగవలసి ఉండేది. 1974 జూన్ 2న జరిగిన పందెంలో హిరోషి కజాతో, సెయిచి సుజుకి అనే ఇద్దరు చోదకులు ఆ మలుపు దగ్గర ప్రాణాలు కోల్పోయినారు. పిమ్మట దానిని మూసివేసి, బాటను సుమారు 4.3 కిలోమీటర్లకు కుదించినారు. ఆటలో ఉన్నది ఈ కుదించిన బాట పోలికే.

1976 అక్టోబరు 24న ఇక్కడ ఫార్ములా వన్ పందెం జరిగినది. ఆనాడు వాన, పొగమంచు. ప్రపంచ విజేత బిరుదు కోసం నికీ లౌడా, జేమ్స్ హంట్ పోటీపడుతున్నారు. మూడు నెలలైనా కాకముందే జర్మనీలో మంటల్లో చిక్కి, చావు తప్పి బయటపడినవాడు లౌడా. రెండు చుట్లు తిరిగి, ఈ వానలో తోలనని కారు దిగిపోయినాడు. హంట్ మూడవవాడుగా వచ్చి, 69-68తో ఒకే ఒక పాయింటు ఆధిక్యంతో బిరుదు గెలిచినాడు. మరుసటి ఏడు అదే పందెంలో ఒక కారు ఎగిరి, నిషిద్ధ స్థలంలో నిలబడినవారి మీద పడగా ఇద్దరు మరణించినారు. ఫార్ములా వన్ మళ్ళీ ఇక్కడికి వచ్చినది 2007లో.

ఆ ఆటలో గేరు మార్చవచ్చు, బ్రేకు వేయవచ్చు. లౌడా చేసినట్లు కారాపి దిగిపోయే ఏర్పాటు మాత్రం లేదు. కథంతా విని మా అబ్బాయి, "దిగిపోయినందుకు ఆయనను పిరికివాడన్నారా?" అని అడిగినాడు. కొందరు అన్నారు. కాని లౌడా 1977లోనూ 1984లోనూ మళ్ళీ ప్రపంచ విజేత అయినాడు.

2000లో ఆ బాట టొయోటా చేతికి వచ్చినది. 2005లో కొత్త రూపంతో తెరచినారు. 2021లో టోక్యో ఒలింపిక్సు సైకిలు పందేలు ఇక్కడే ముగిసినవి. పాత వాలు మలుపులో ఒక ముక్కను మాత్రం పడగొట్టక గుర్తుగా ఉంచినారు. ఉద్యోగరీత్యా టోక్యోలో ఉన్న మనవారు ఫుజి కొండ చూడబోయినప్పుడు, పిల్లలను వెంటబెట్టుకొని ఆ ముక్క దగ్గర కూడ కాసేపు ఆగి రావలెనని నా మనవి.