ఊపిరికీ ఓ లెక్కుంది!

పదో తరగతి లెక్కల పరీక్ష రాసొచ్చిన రోజే ఆ పుస్తకాన్ని అటకెక్కించేసిందా అమ్మాయి. ఇంటర్‌లో బైపీసీ తీసుకోవడానికి సగం కారణం అదే. ‘లెక్కలకీ నాకూ ఇక రుణం తీరిపోయింది’ అని ఇంట్లో అందరికీ చెప్పేసింది. తాతయ్య మాత్రం నవ్వి ఊరుకున్నాడు. ఒంగోలు దగ్గరి పల్లెలో నలభై ఏళ్లు కిరాణా కొట్టు నడిపిన మనిషాయన. కాగితం ముట్టకుండా నోటితోనే పద్దులన్నీ కూడేసేవాడు. చిన్నప్పుడు ఎక్కాలు చెప్పించుకోబోతే మనవరాలు పెరటి గుమ్మంలోంచి పరుగే పరుగు!

2021 మే నెల... కరోనా సెకండ్‌ వేవ్‌ ఊళ్లను ఊపేస్తున్న రోజులు. ఆమె రాయాల్సిన ఇంటర్‌ పరీక్షలు వాయిదా పడ్డాయి. తాతయ్యకేమో జ్వరం, ఆయాసం. ఆస్పత్రుల్లో మంచాలు లేవు. నాన్న ఎక్కడెక్కడో తిరిగి ఓ చిన్న ఆక్సిజన్‌ సిలిండరు తెచ్చాడు. ఊళ్లో తెలిసిన కాంపౌండరు వచ్చి నిమిషానికి 5 లీటర్ల చొప్పున పెట్టాడు. అప్పటికి రాత్రి పదయింది. మీటరు ముల్లు 120 దగ్గరుంది.

‘తెల్లారేదాకా వస్తుందా?’ అనడిగాడు నాన్న.

‘రావచ్చులెండి’ అన్నాడతను.

రాలేదు. రెండింటికల్లా ముల్లు సున్నాకు పడిపోయింది. నాన్న బండి వేసుకుని పక్కూరికి పరిగెత్తాడు. ఇంకో సిలిండరు వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆ అమ్మాయి తాతయ్య గుండెల మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. మర్నాడు ఆస్పత్రిలో మంచం దొరికింది. మూడు వారాలకు పెద్దాయన ఇంటికొచ్చాడు. కానీ ఆ నలభై నిమిషాలు ఆమెను వదల్లేదు. అందుకే డిగ్రీలో రెస్పిరేటరీ థెరపీ తీసుకుని హైదరాబాద్‌ వెళ్లింది. ఊపిరాడని వాళ్లకి ఆక్సిజన్‌ అమర్చడం, వెంటిలేటరు చూసుకోవడం... ఆ చదువు చదివినవాళ్ల పని.

తీరా వెళితే ఏముంది? మొదటి నెలలోనే బోర్డు నిండా సూత్రాలు. బాయిల్‌ నియమం, డాల్టన్‌ నియమం, నిష్పత్తులు, దశాంశాలు! క్లాసులో ఉన్నవాళ్లలో ఎక్కువమంది బైపీసీ పిల్లలే. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ‘లెక్కలు నన్ను వదిలేట్టు లేవు తాతయ్యా, వచ్చేస్తా’ అని ఫోన్లో ఏడ్చింది కూడా.

ఓ రోజు మాస్టారు సూత్రం రాయలేదు. ఓ సిలిండరును దొర్లించుకొచ్చి క్లాసు మధ్యలో నిలబెట్టారు. ఆస్పత్రుల్లో బి టైపు అంటారే, అది.

‘ఇందులో నీళ్లు పోస్తే 10 లీటర్లు పడతాయి. ఆక్సిజన్‌ ఎంత పడుతుంది?’

వాయువును నొక్కేకొద్దీ తక్కువ చోటులో ఇముడుతుందని 1662లోనే చెప్పాడు రాబర్ట్‌ బాయిల్‌. సిలిండరు నిండుగా ఉన్నప్పుడు మీటరు దాదాపు 150 చూపిస్తుంది. అంటే మామూలు గాలి ఒత్తిడికి 150 రెట్లన్నమాట. పదిని నూటయాభైతో గుణిస్తే 1500 లీటర్లు. ‘ముల్లు 120 మీదుంటే? నిమిషానికి 5 లీటర్లు వాడితే?’ అనడిగారు మాస్టారు.

పది నూటఇరవైలు 1200. అయిదుతో భాగిస్తే 240 నిమిషాలు. నాలుగు గంటలు!

ఆమె పెన్ను ఆగిపోయింది. రాత్రి పదింటి నుంచి నాలుగు గంటలంటే... సరిగ్గా రెండు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఒక్క గుణకారం, ఒక్క భాగహారం అంతే.

ఆ రోజు నుంచి లెక్కల మీద భయం పోయిందంటే అబద్ధమే. కానీ ప్రతి అంకె వెనకా ఓ మనిషి కనిపించడం మొదలైంది. తప్పులు ఎక్కడ దొర్లుతాయో కూడా తెలిసింది. వాళ్లు చదివే పెద్ద పుస్తకాలు చాలావరకు అమెరికావి. అక్కడ సిలిండర్ల పేర్లు వేరు, కొలతలూ వేరు. ఒత్తిడిని పీఎస్‌ఐలో చెబుతారు. ఆ పుస్తకంలోని అంకెను మన సిలిండరుకు అంటిస్తే జవాబు కాస్తా తలకిందులవుతుంది. అందుకే అంకె కన్నా ముందు దాని పక్కనున్న కొలత చూడమనేవారు మాస్టారు.

వెంటిలేటరు పాఠం ఇంకా ఆశ్చర్యం. ఒక్కో శ్వాసకు ఎంత గాలి ఇవ్వాలన్నది రోగి అసలు బరువును బట్టి కాదు, ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువును బట్టి ఉంటుంది. లావెక్కితే పొట్ట పెరుగుతుంది గానీ ఊపిరితిత్తులు పెరగవుగా! అయిదడుగుల ఆడమనిషికి సూత్రం ప్రకారం వచ్చే బరువు 45.5 కిలోలు. కిలోకు 6 మిల్లీలీటర్ల చొప్పున 273. ఆమె 80 కిలోలుందని ఆ బరువుతో గుణిస్తే 480 అయి కూర్చుంటుంది. ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అమెరికాలో ఊపిరితిత్తులు తీవ్రంగా పాడైన 861 మంది మీద చేసిన అధ్యయనం 2000లో వెలువడింది. కిలోకు 12 చొప్పున గాలి ఇచ్చినవాళ్లలో 39.8 శాతం మంది చనిపోతే, 6 చొప్పున ఇచ్చినవాళ్లలో 31 శాతం మంది చనిపోయారు. కొత్త మందేమీ లేదు. తేడా అంతా ఎంతతో గుణించారన్న దాంట్లోనే!

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అరుగు మీద కూర్చుని తాతయ్యకు సిలిండరు లెక్క చెప్పిందామె. ‘పది లీటర్ల సీసా, ముల్లు నూటఇరవై, నిమిషానికి అయిదు...’ అంటుండగానే ఆయన అందుకున్నాడు.

‘నాలుగు గంటలు. ఇంతేనా అమ్మడూ?’

‘ఇంతే తాతయ్యా.’

పెద్దాయన కాసేపు వీధిలోకి చూస్తూ ఉండిపోయాడు. ‘ఆ సీసాలో పట్టేది పది అని ఒక్కరు చెప్పుంటే, మంచం మీద పడుకునే కట్టేవాణ్ని కదే! మీ నాన్న ఒంటిగంటకే బయల్దేరేవాడు’ అన్నాడు.

ఆమె ఇప్పుడు ఓ ఆస్పత్రిలో ఐసీయూలో పనిచేస్తోంది. రోగిని స్కానింగ్‌కు తీసుకెళ్లాలన్నా, వేరే వార్డుకు మార్చాలన్నా ముందు సిలిండరు లెక్క కడుతుంది. చిన్న ప్లాస్టరు ముక్క మీద టైము రాసి దానికి అతికిస్తుంది. పక్కన కంగారుగా నిలబడ్డ ఇంటివాళ్లకు, వాళ్లు అడక్కముందే చెబుతుంది...

‘ఇది రెండింటిదాకా వస్తుందండీ. మేం ఒంటిగంటకే మార్చేస్తాం.’