ఎంతిస్తారు... ఏం నేర్పిస్తారు?

గాజువాక దగ్గర రెండు గదుల ఇల్లు. రాత్రి తొమ్మిదైంది. భోజనాలయ్యాక అమ్మ పాత నోటుబుక్కు తెరిచి లెక్కలు వేసుకుంటోంది. ఎదురుగా కొడుకు. పంతొమ్మిదేళ్లుంటాయి. ఐటీఐలో రెండేళ్ల ఫిట్టర్ ట్రేడు పాసయ్యాడు. ఓ ఫ్యాక్టరీలో ఏడాది అప్రెంటిస్‌షిప్‌కి ఎంపికయ్యాడు. ఆ కబురు చెప్పగానే ఇల్లంతా సంబరపడుతుందనుకున్నాడు.

‘ఎంతిస్తారట?’ అమ్మ మొదటి ప్రశ్న.

‘నెలకి ఏడు వేలు.’

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. ఇంటద్దె, బస్సు ఛార్జీలు, చెల్లి ఇంటర్ ఫీజు... అదే ఐటీఐలో చదివిన పక్కవీధి కుర్రాడు వెల్డింగ్ షాపులో చేరాడు. రోజుకూలీ లెక్కన నెలకి ఇంతకు రెట్టింపు తెస్తున్నాడు. ‘రెండేళ్లు చదివించాం కదా బాబూ, మళ్లీ ఇంకో ఏడాది నేర్చుకోవడమేంటి?’ అంది.

తండ్రి మాత్రం ఏమీ అనలేదు. ఆటోనగర్‌లో లారీ మెకానిక్ ఆయన. పదమూడేళ్లప్పుడు షెడ్డులో చేరాడు. మూడేళ్లు జీతం లేదు. రెండుపూటలా టీ, పండక్కి ఓ జత బట్టలు. అడిగిన పానా కాక వేరేది అందిస్తే మేస్త్రి చేతిలో మొట్టికాయ. ఇప్పుడాయన ఇంజిను చప్పుడు విని జబ్బేమిటో చెప్పేస్తాడు. కానీ ఆయనకు పని వచ్చని చెప్పే కాగితం ఒక్కటీ లేదు. పెద్ద కంపెనీల గేటు దగ్గరే ఆగిపోయింది అందుకే.

‘కాగితం ఇస్తారా?’ అన్నాడు చివరికి.

‘ఏడాది చివర పరీక్ష పెడతారు నాన్నా. పాసైతే ఇస్తారు.’

‘అయితే చేరు.’

నేర్చుకునే ఖర్చు ఎవరిది?

మేస్త్రి దగ్గర పని నేర్చుకోవడం మనకు కొత్త కాదు. కంసాలి, వడ్రంగి, దర్జీ, మెకానిక్... అందరూ అలా తయారైనవాళ్లే. అయితే ఆ నేర్చుకునే కాలంలో పిల్లాడి తిండి, బట్ట భారమంతా ఇంటివాళ్ల మీదే పడేది. ఆ భారంలో యజమానికి వాటా పెట్టింది 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం. శిక్షణ ఇవ్వాలి, స్టైపెండ్ ఇవ్వాలి, ఒప్పందం రాసుకుని నమోదు చేయించాలి అని చెప్పింది.

2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. సిబ్బందిలో రెండున్నర శాతానికి తగ్గకుండా, 15 శాతానికి మించకుండా తీసుకోవాలి. నలుగురున్న చిన్న సంస్థ కూడా ఇష్టమైతే తీసుకోవచ్చు. కనీస స్టైపెండ్ ఎంతో కూడా ఆ నిబంధనలే చెప్పాయి. పదో తరగతి పాసైతే నెలకు 6,000 రూపాయలు. ఐటీఐ అయితే 7,000. డిప్లొమాకు 8,000. డిగ్రీకి 9,000. శిక్షణ రెండో ఏడాదికి సాగితే మరో పదిశాతం కలుస్తుంది. ధరలు పెరిగిపోయాయి కాబట్టి ఈ మొత్తాలను 36 శాతం పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మేలో సిఫార్సు చేసింది.

ఇదంతా యజమాని జేబు నుంచే రావాలంటే చాలామంది వెనకాడతారు. అందుకే ప్రభుత్వమూ ఓ చేయి వేసింది. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద కనీస స్టైపెండ్‌లో పావు వంతును, నెలకు 1,500 రూపాయలకు మించకుండా కేంద్రం భరిస్తోంది. అంటే మన ఫిట్టర్ కుర్రాడి ఏడు వేలలో కేంద్రం వాటా 1,500, ఫ్యాక్టరీ వాటా 5,500. 2023 నుంచి ఆ కేంద్రం వాటాను నేరుగా పిల్లల బ్యాంకు ఖాతాలోనే వేస్తున్నారు. డిగ్రీ, డిప్లొమా వాళ్లకు వేరే పథకం ఉంది. అందులో కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రానిదే.

ఇలా లెక్క కడితే అందరూ తలా కొంత పెట్టినట్టే. కానీ వెల్డింగ్ షాపులో వచ్చే కూలీకీ ఈ ఏడు వేలకూ మధ్య తేడా ఉందే, దాన్ని మాత్రం ఆ అమ్మే భరించాలి. ఏ పథకంలోనూ కనిపించని వాటా అది. అందుకే ఆ ఏడాదిలో పిల్లాడు నిజంగా పని నేర్చుకుంటున్నాడా లేదా అన్నది ఆ ఇంటికి చిన్న విషయం కాదు.

మూడో నెలలో...

మూడో నెల వచ్చేసరికి కుర్రాడి మొహం వాడిపోయింది. ‘పొద్దుట్నుంచీ పెట్టెలు మోయడమే నాన్నా. మిషను దగ్గరికి రానివ్వట్లేదు. మనిషి సెలవు పెడితే ఆ చోట నన్ను నిలబెడుతున్నారు’ అన్నాడు.

‘చూశారా, నేను చెప్పలేదూ’ అంది అమ్మ. తండ్రి కాసేపు ఆలోచించాడు. ‘రేపట్నుంచీ ఓ పుస్తకం పెట్టు. ఏ రోజు ఏం పని చేశావో రాయి. మోసిన పెట్టెలూ రాయి. నెలాఖరుకి తీసుకెళ్లి మీ సూపర్‌వైజరుకి చూపించు. గొడవ పడకు. ఫలానా పని ఎప్పుడు నేర్పిస్తారు సార్ అని అడుగు’ అన్నాడు.

చదువుకోని మనిషి చెప్పినా చట్టానికి దగ్గరగానే చెప్పాడాయన. అప్రెంటిస్ అంటే శిక్షణలో ఉన్నవాడే తప్ప కార్మికుడు కాడని చట్టమే అంటోంది. ఆ మాటకు రెండు వైపులా పదునుంది. కార్మికులకుండే కొన్ని హక్కులు అతనికి వర్తించవు. కానీ కార్మికుడిలా వాడుకోవడానికీ వీల్లేదు. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా ఓవర్‌టైం చేయించకూడదు. పీసు లెక్కన డబ్బులిచ్చి సరిపెట్టకూడదు. ఎంతవరకు నేర్చుకున్నాడో యజమాని రికార్డు రాయాలి. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలి. ఒప్పందంలో మాట తప్పింది యజమాని అయితే నష్టపరిహారం చెల్లించాలి. మధ్యలో మానేసింది కుర్రాడైతే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాల్సి రావచ్చు. సంతకం పెట్టేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఒప్పందం చదువుకోవాల్సింది ఇందుకే.

ఆ పుస్తకం పనిచేసింది. నాలుగో నెలలో ఓ పెద్ద ఫిట్టర్ దగ్గర వేశారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. మొదటిరోజు ఆకురాయి చేతికిచ్చి, వైసులో ఓ ఇనుపముక్క బిగించి, చదును చేయమన్నాడట. సాయంత్రం గుండ్రంగా తేలిన ఆ ముక్కను చూసి నవ్వి, ‘ఐటీఐలో మార్కులకి చేశావు, ఇక్కడ మిషను కోసం చెయ్యి’ అన్నాడట. ఆ రాత్రి ఇంట్లో చాలారోజుల తర్వాత కుర్రాడు గలగలా మాట్లాడాడు.

కాలేజీలూ కలిసొస్తే...

చదువు ఒకచోట, పని ఒకచోట అయితే వచ్చే చిక్కే ఇది. తరగతిలో విన్నది షాపులో కనపడదు. షాపులో చేసింది పరీక్షలో రాదు. జర్మనీలో పిల్లలు వారంలో ఎక్కువ రోజులు కంపెనీలో, మిగతా రోజులు వృత్తివిద్యా పాఠశాలలో గడుపుతారు. శిక్షణ కాలంలో కంపెనీయే భత్యమిస్తుంది. అలా రెండింటినీ కలిపే ప్రయత్నం మన దగ్గరా మొదలైంది. డిగ్రీలోనే అప్రెంటిస్‌షిప్‌ను కలిపి, కనీసం ఒక సెమిస్టర్ పనిలో గడిపితే దానికి క్రెడిట్లు ఇవ్వొచ్చని యూజీసీ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో మార్చిన డిగ్రీ సిలబస్‌లో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చారు.

క్రెడిట్లు ఇవ్వడంతో కాలేజీ పని అయిపోదు. పిల్లల్ని పంపిన చోటుకి లెక్చరర్ ఒకరు వెళ్లాలి. ఏం చేయిస్తున్నారో చూడాలి. పెట్టెలు మోయిస్తుంటే అడగాలి. మన కుర్రాడి తరఫున ఆ పని వాళ్ల నాన్న పుస్తకం చేసింది. అందరిళ్లలో అలాంటి నాన్న ఉండొద్దూ!

ఏడాది అయ్యాక

పరీక్ష పాసయ్యాడు. జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వచ్చింది. ఉద్యోగం మాత్రం ఆ ఫ్యాక్టరీలో రాలేదు. ‘శిక్షణ ఇచ్చాం కాబట్టి కొలువు ఇచ్చి తీరాలి’ అన్న నియమం చట్టంలో లేదు. నియామకాలకు ప్రతి యజమానీ ఓ విధానం రాసుకోవాలని 2014 సవరణ చెప్పింది, అంతే. మిగతా అర్హతలు సమానంగా ఉంటే శిక్షణ పొందినవాడికి ప్రాధాన్యమివ్వాలని ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో 1995లో సుప్రీంకోర్టు అంది. ఇవన్నీ ఆశపెట్టే మాటలే కానీ హామీలు కావు.

అమ్మ రెండ్రోజులు దిగులుపడింది. మూడోవారంలో పరవాడ వైపు ఇంకో కంపెనీ నుంచి పిలుపొచ్చింది. అక్కడ సర్టిఫికెట్ చూశారు. తర్వాత ఆకురాయి చేతికిచ్చి ఓ ముక్క చదును చేయమన్నారు. కాగితంతో గేటు దాటాడు. చేతితో పని దక్కించుకున్నాడు. జీతం పక్కవీధి కుర్రాడి సంపాదనకు కాస్త అటూఇటుగానే ఉంది. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయి.

ఈమధ్య ఓ రాత్రి చెల్లి డిగ్రీ గురించి మాట తీసింది. మామూలు బీకామా, లేక ఏడాదిపాటు కంపెనీకి పంపి స్టైపెండ్ ఇప్పించే కోర్సా అని. అమ్మ ఆ పాత నోటుబుక్కే ముందేసుకుంది. కానీ ఈసారి వెంటనే లెక్కలు మొదలెట్టలేదు.

‘అక్కడ ఏం నేర్పిస్తారట?’ అనడిగింది.

కూతురు చెప్పిందంతా విన్నాక పెన్ను మూత తీస్తూ, ‘సరే, ఎంతిస్తారట?’ అంది.