ఓడ లేని నావీ

పెన్రిత్‌లో కెస్విక్ బస్సెక్కి త్రెల్కెల్డ్‌లో దిగేసరికి జల్లు పడుతోంది. ఇంగ్లండ్ ఉత్తర భాగాన, కంబ్రియా కొండల నడుమ చిన్న ఊరు. "అక్కడి క్వారీలో స్టీమ్ నావీ ఎక్కడుందని అడుగు, చూపిస్తారు" అని మిత్రుడు చెప్పి పంపాడు. ఆ మాట వింటే నాకు విశాఖపట్నమే గుర్తొస్తుంది. ఈ కొండల్లో ఓడేమిటి?

సిగ్గుపడి ఎవర్నీ అడగలేదు. క్వారీ అంటే కొండ కిందే కదా అని, ఎదురుగా కనిపించిన బ్లెంకాత్రా వైపు అరగంట ఎక్కాను. గొర్రెలు తప్ప నరమానవుడు లేడు. చివరికి కుక్కతో దిగివస్తున్న ఒకావిడ నవ్వాపుకుంటూ నా వెనక్కి చూపించింది. క్వారీ పెద్దరోడ్డుకు అవతలట! మీరు వెళ్తే బస్సు దిగగానే ఆ కొండకు వీపు తిప్పి నడవండి.

తిరుగుదారిలో ఆకలేసి పబ్బులో కంబర్లాండ్ సాసేజ్ చెప్పాను. జంతికలా చుట్టచుట్టి తెచ్చారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక బయటి కొస పట్టుకుని విప్పుకుంటూ తిన్నాను. కారం లేదుగానీ మిరియం ఘాటు తగిలింది. ఇంగ్లండ్‌లో అదే పదివేలు.

తిని, రోడ్డు దాటి క్వారీకి చేరాను. ఇక్కణ్నుంచి ఒకప్పుడు రైలుపట్టాల కింద పరిచే కంకర పోయేది. 1982లో మూతపడింది. ఇప్పుడది మ్యూజియం, నిండా పాత తవ్వుడు యంత్రాలే. మా పాలమూరులో పొక్లెయిన్ ముసలిదైతే పాత ఇనుప సామాన్ల కొట్లో తూకానికి పోతుంది. ఇక్కడేమో ఏరికోరి తెచ్చుకుని వరసగా నిలబెట్టుకున్నారు.

తీరా చూస్తే నావీ అంటే ఆవిరితో తవ్వే యంత్రం, అదీ చల్లగా ఉంది. ఆవిరి పెట్టే రోజులు వేరట. ముందే కనుక్కోవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు, మీరైనా కనుక్కుని వెళ్లండి. నూనెగుడ్డతో ఏదో తుడుస్తున్న పెద్దాయన మాత్రం నా మొహం చూసి జాలిపడి దగ్గరికి రమ్మన్నాడు.

పేరు సంగతి ముందు తేలింది. ఇంగ్లండ్‌లో కాలవల్ని 'నావిగేషన్' అనేవాళ్లు. వాటిని తవ్విన కూలీలు నావిగేటర్లు, నోట్లో నలిగి నావీలు. తర్వాత వాళ్ల పని లాక్కున్న యంత్రానికీ అదే పేరు అంటుకుంది. మట్టి తవ్వే పాలమూరు కూలీల పేరిట పొక్లెయిన్‌ను మనం 'పాలమూరు' అని పిలిచినట్టు!

ఇది లింకన్‌లో రస్టన్ ప్రాక్టర్ కంపెనీ 1909లో చేసినది, నంబరు 306. బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని ఆర్ల్‌సీ దగ్గర సుద్దరాయి తవ్వింది. గొయ్యిలో పని ఆపేశాక దీన్ని అక్కడే వదిలేశారు. నీళ్లూరి నిలువునా మునిగింది. ఆ మడుగుకు 'బ్లూ లగూన్' అని పేరొచ్చి, జనం షికారుకు రావడం మొదలైంది. 1970ల మధ్యలో కరువొచ్చి నీళ్లు తగ్గితే తుప్పు పట్టిన నెత్తి బయటపడింది. రస్టన్ యంత్రాల గురించి బాగా తెలిసిన రే హూలీ అనే ఆయన పట్టుబట్టి పైకి తీయించాడు. రస్టన్ బ్యూసైరస్ కంపెనీలో పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు బాగుచేశారు. చాలాకాలం లింకన్ మ్యూజియంలో ఉండి, 2011లో ఇక్కడికొచ్చి, మళ్లీ మరమ్మతు చేయించుకుని 2013లో పొగ వదిలింది.

బాయిలర్ దగ్గర పెద్దాయన చాలాసేపు ఆగాడు. నిప్పు పెట్టేముందు చన్నీళ్లు నిండా నింపి, పంపుతో ఒత్తిడి పెంచి చూస్తారట. చన్నీళ్లే ఎందుకన్నాను. నీళ్లు అణగవు కాబట్టి, ఎక్కడైనా పగిలితే కారి ఊరుకుంటాయి. ఆవిరైతే చుట్టూ ఉన్నవాళ్లను మిగల్చదు. రివెట్లు వదులయ్యాయేమో సుత్తితో తట్టి, చప్పుడు విని చెబుతారు. మా అమ్మమ్మ సంతలో కుండ బేరమాడే ముందు వేలితో తట్టి చెవి ఒగ్గేది.

నడపడానికి ఎంతమంది కావాలని అడిగాను. డ్రైవరు, బొగ్గేసేవాడు, పట్టాలు ముందుకు జరిపే కూలీలు అని వేళ్లు మడిచాడు. మా తాత నాగార్జునసాగర్ డ్యామ్ కట్టేటప్పుడు అక్కడ మట్టి మోశాడని చెప్పాను.

"దేంతో?"

"తట్టతో."

అర్థం కాలేదు. రెండు చేతులూ గుండ్రంగా పట్టి చూపించాను. ఆయన నావీ బకెట్ వైపు వేలు చూపించాడు, ఇదేనా అన్నట్టు.

"అంతకంటే చిన్నది. నెత్తిన పెట్టుకునేది."

పెద్దాయన నూనెచెయ్యి తన బట్టతల మీద ఆనించి, మళ్లీ ఒకసారి ఆ బకెట్‌కేసి చూశాడు.