కలిసినందుకు ఏమొచ్చింది?
అనంతపురం మెట్టసీమలో మూడు రోజులు

డిసెంబరు మొదటి వారంలో ఉరవకొండ దగ్గర ఒక పల్లె సంఘం నుండి కోతపండుగ ఆరాధనకు రమ్మని పిలుపు వచ్చింది. సంఘపెద్దలు ఇద్దరు, స్త్రీల మైత్రి నుండి ఒక సహోదరి, సంఘ కాపరి, ఇలా నలుగురం ఒక జీపులో బయలుదేరాము. ప్రభువు కృపను బట్టి ప్రయాణం సుఖంగానే సాగింది. అయితే ఆ పల్లెలో ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న మూడు రోజులూ మా వెంటే వచ్చింది. దానికి జవాబు వెదకుతూ చూసిన సంగతులే ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట గుత్తిలో ఆగాము. కొండమీద కోట, కింద పాత క్రైస్తవ సమాధుల తోట. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట ఇక్కడే పాతిపెట్టారు. తరువాత అస్థికలను మద్రాసుకు తీసుకొని పోయారు. 1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసినప్పుడు దీని మొదటి ప్రధాన కలెక్టరు ఆయనే. తన దగ్గరున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాము ఇచ్చిన జిల్లాలు గనుక వీటికి దత్తమండలాలు అని పేరు పడింది. ఈ సీమ పెద్ద రాజ్యంతో కలిసిన తీరు అది. ఎవరూ ఇక్కడి రైతును అడగలేదు. 1876-78 కరువులో మద్రాసు రాజధానిలో లక్షలాది మంది చనిపోతుంటే ఓడరేవుల నుండి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది. అప్పుడు అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. బళ్లారి ఆ కరువుకు ఎంతగానో నలిగిన జిల్లా.

గుత్తి నుండి ఉరవకొండ వైపు పోతుంటే రెండు ప్రక్కలా కోసిన సెనక్కాయ చేలు, ఎర్రనేల, అక్కడక్కడ గాలిమరలు కనబడ్డాయి. ఈ జిల్లాలో ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపుతాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరంనుండి ఇంత దూరం వచ్చేలోగా తేలిపోతాయి. వాన కురిసినా పైరుకు కావలసిన వారంలో కురవదు. ఇక్కడి కష్టానికి మూలం ఇదే.

ఆరాధన అయిన తరువాత భోజనానికి ఒక పెద్దాయన ఇంటికి పిలిచారు. ఆయనకు ఎనభై దాటాయి. ఎనిమిది ఎకరాల మెట్ట ఉంది. రాగిసంగటి, సెనక్కాయల ఊరిబిండి పెట్టారు. వంటింట్లోకి వెళ్లిన మా సహోదరి ఒక సంగతి గమనించి వచ్చి చెప్పింది. సెనక్కాయలు పండించే ఆ ఇంట్లో పొయ్యి దగ్గర ఉన్నది పామాయిల్ ప్యాకెట్టు.

పెద్దాయన మనవడు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. "భూమి అమ్మేస్తాం తాతా, బోర్లు ఎండినాయి, ఇంకెందుకు?" అని ఆ అబ్బాయి పట్టుబట్టాడు. రాయలసీమ వేరే రాష్ట్రమైతేనే బాగుపడుతుందనీ అన్నాడు. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తరువాత మా వైపు తిరిగి అడిగారు:

"అయ్యగారూ, కలిస్తే బలమని మీరు చెప్తారు గదా. మేము మద్రాసుతో ఉంటిమి. కోస్తావాళ్లతో కలిస్తిమి. హైదరాబాదుతో కలిస్తిమి. మళ్లా విడిపోతిమి. ఇన్నిసార్లు కలిసినందుకు మాకేమొచ్చె?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాము. చూసి వచ్చి చెబుతామన్నాము.

ఆయన ప్రశ్నలో చాలా చరిత్ర ఉంది. ఆంధ్రులందరూ ఒక రాష్ట్రంగా కలవాలన్నప్పుడు రాయలసీమ పెద్దలకు భయం ఉండేది. చదువులోనూ ధనంలోనూ ముందున్న కోస్తా జిల్లాలతో కలిస్తే తాము వెనుకబడిపోతామేమో అన్నదే ఆ భయం. దాన్ని పోగొట్టడానికి 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో ఇరుప్రాంతాల నాయకులు ఒక ఒడంబడిక మీద సంతకాలు చేశారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలి. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీటిలో పదేళ్లపాటు రాయలసీమకు, నెల్లూరుకు మొదటి చోటు ఇవ్వాలి. రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో రాయలసీమ కోరుకోవాలి. ఇవీ అందులోని మాటలు.

తరువాత ఏమి జరిగిందో చూడండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. మూడేళ్లకే, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో రాజధాని హైదరాబాదుకు పోయింది. ఆ కొత్త రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారే. మనవాడు పెద్ద కుర్చీలో కూర్చున్నా మన వాటా దానంతట అదే రాదని దీనివల్ల తెలుస్తుంది. కృష్ణానీటిని పెన్నకు మళ్లించాలన్న ఆలోచన వెనుకబడి, 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరుకు శంకుస్థాపన జరిగింది. దాని కాలువలు రాయలసీమకు రాలేదు. అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది. సంతకం పెట్టిన 44 ఏళ్లకు!

మరునాడు ఉదయం తుంగభద్ర ఎగువ కాలువ గట్టు మీద నిలబడ్డాము. నీళ్లు నిండుగా పోతున్నాయి. హోస్పేట దగ్గర ఆనకట్ట నుండి బయలుదేరిన ఈ కాలువ కర్ణాటకలో వంద కిలోమీటర్ల పైచిలుకు నడిచి మన జిల్లాలో అడుగు పెడుతుంది. ఆ ఆనకట్ట కర్ణాటకలో ఉంది. ఎగువన ఉన్నవారు ఆ నీటిని దిగువకు ఎందుకు వదలాలి? 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టం కింద తుంగభద్ర బోర్డు ఏర్పడింది గనుక. ఆ తరువాత బచావత్ ట్రిబ్యునల్ ఈ కాలువలో మనకు 32.5 టీఎంసీలు అని లెక్క కట్టింది గనుక. నీళ్లు తక్కువైన ఏడు అందరికీ అదే లెక్క ప్రకారం తగ్గిస్తారు. కొరత లేకపోలేదు. 133 టీఎంసీలు పట్టిన జలాశయం పూడికతో 105 దగ్గరకు వచ్చింది. 2024 ఆగస్టులో ఒక గేటు కొట్టుకొనిపోయినప్పుడు మూడు రాష్ట్రాల రైతులు ఒక్కసారే దిగులు పడ్డారు. అయినా 70 ఏళ్లుగా ఈ ఏర్పాటు నడుస్తూనే ఉంది.

అక్కడ మాకు మొదటి వెలుగు కలిగింది. శ్రీబాగ్ ఒడంబడికా కాగితమే, తుంగభద్ర బోర్డూ కాగితమే. మొదటిది పెద్దమనుషుల మాట. అది తప్పితే అడగడానికి గుమ్మం లేదు. రెండవది చట్టం. అందులో ఎంత, ఎప్పుడు, ఎవరిని అడగాలి అన్నది ఉంది.

అక్కడినుండి బెళుగుప్ప మండలంలోని జీడిపల్లి జలాశయానికి వెళ్లాము. శ్రీశైలం వెనుకనీటిని మాల్యాల దగ్గర తోడి, మెట్టుమెట్టుగా ఎత్తిపోస్తూ, 216 కిలోమీటర్లు నడిపించి ఇక్కడికి చేర్చారు. 2012లో కృష్ణానీరు మొదటిసారి ఈ జిల్లాలో కాలుమోపినప్పుడు జనం మొక్కి, నీళ్లు తలమీద చల్లుకున్నారని అక్కడివారు చెప్పారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు హంద్రీ-నీవా పథకం పేరు విభజన చట్టం పదకొండవ షెడ్యూలులో చేరింది. అయితే జలాశయం నిండినా చేను దాకా పిల్లకాలువలు తవ్వని చోట్లు చాలా ఉన్నాయి. గట్టు మీద నుండి చూస్తే నీళ్లు కనబడతాయి, కింద పైరు ఎండుతుంది.

అదే విభజన చట్టంలో రాయలసీమకు, ఉత్తరాంధ్రకు ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజి అన్న మాట కూడా ఉంది. కాని ఎంత ఇవ్వాలో, ఎన్నేళ్లు ఇవ్వాలో వ్రాయలేదు. మొదట మూడేళ్లు జిల్లాకు ఏటా 50 కోట్ల చొప్పున వచ్చి, తరువాత నిలకడగా రాలేదు. కాబట్టి చట్టమైనా చాలదు. దానిలో అంకె ఉండాలి.

మూడవ రోజు అనంతపురం దాటి నార్పల మండలం బండ్లపల్లికి వెళ్లాము. 2006 ఫిబ్రవరి 2న దేశమంతటికీ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ఈ చిన్న ఊళ్లోనే మొదలుపెట్టారు. కరువుపని అంతకు ముందూ ఉండేది. అయితే అది అధికారి దయ తలిచినప్పుడు దొరికేది. 2006 నుండి అడిగిన కుటుంబానికి ఏటికి 100 రోజుల పని హక్కుగా వచ్చింది. ఒక్క జిల్లా తన పన్నులతో ఇలాంటి భారం మోయలేదు. దేశమంతా కలిసి ఉన్నందుకే అది వీలయింది.

బియ్యం సంగతీ అంతే. 1952 కరువులో పెద్దాయన చిన్నపిల్లవాడు. గంజికేంద్రం దగ్గర సత్తుగిన్నె పట్టుకొని నిలబడ్డానని మాతో చెప్పారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు మెట్టసీమ బీద ఇంట్లోనూ రోజూ అన్నం ఉడికింది. ఆ వడ్లు పండింది గోదావరి, కృష్ణ డెల్టాల్లో. అంటే కోస్తాతో కలిసినందుకు నీళ్లు రాకపోయినా అన్నం వచ్చింది. ఈ మాట చెప్పకుండా తప్పుల లెక్క మాత్రమే చెబితే న్యాయం కాదు.

ఇక ఆ పామాయిల్ ప్యాకెట్టు. ఒకప్పుడు ఈ జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో సెనక్కాయే ఉండేది. 1994లో పామాయిల్ దిగుమతికి తలుపులు తెరిచారు. 1995లో మన దేశం ప్రపంచ వాణిజ్య సంస్థలో సభ్యురాలయింది. 2010 నుండి ఆగ్నేయాసియా దేశాలతో వాణిజ్య ఒప్పందం అమలులోకి వచ్చింది. మలేషియా, ఇండోనేషియాల నూనె చౌకగా వచ్చి పట్నంలో కూలివాని ఇంటికి మేలు చేసింది. ఆ చౌకకు వెల కొంత చెల్లించింది మాత్రం వాన తప్ప వేరే ఆధారం లేని ఈ రైతు. సంత పెద్దదైతే బలవంతునికి బేరం పెరుగుతుంది. బలహీనునికి పోటీ పెరుగుతుంది. ఆ పోటీకి తట్టుకొనే సాయం అదే సంత నుండి అందాలి. అది అందలేదు.

దేశాల మధ్యనూ ఇదే కథ. ఐర్లండు 1973లో ఐరోపా కూటమిలో చేరినప్పుడు బీద దేశం. కూటమి ఉమ్మడి నిధులతో రోడ్లు, శిక్షణ కేంద్రాలు కట్టుకొని లేచింది. గ్రీసు 2001లో ఉమ్మడి డబ్బు యూరోను స్వీకరించింది. 2010లో అప్పుల్లో మునిగినప్పుడు సొంత డబ్బు విలువ తగ్గించుకొనే దారి లేదు. ఉమ్మడి ఖజానా నుండి ఉచితంగా ఆదుకొనే ఏర్పాటూ లేదు. కెన్యా, ఉగాండా, టాంజానియాలు 1967లో పెట్టుకొన్న తూర్పు ఆఫ్రికా సమాజం 1977లో కూలింది. పరిశ్రమల లాభం ఎక్కువగా కెన్యాకే పోతున్నదన్న బాధ దానికి ఒక కారణం. 2000లో మళ్లీ కలిశారు. దేశమైతే కనీసం బల్ల దగ్గర కూర్చొని సంతకం పెడుతుంది, కాదంటే లేచిపోతుంది. జిల్లాకు ఆ కుర్చీ కూడా లేదు.

ఇలాంటి కథ మనకు వాక్యంలో తెలిసినదే. సొలొమోను కట్టిన భారం తగ్గించుమని ఉత్తర గోత్రాలవారు రెహబాముకు మొరపెట్టారు. పెద్దల ఆలోచన త్రోసివేసి ఆయన కఠినంగా జవాబిచ్చాడు. రాజ్యం రెండుగా చీలింది. అయితే విడిపోయినవారు బాగుపడ్డారా? అక్కడా క్రొత్త రాజులు పాత పొరపాట్లే చేశారు. మన సంఘ చరిత్రలో దీనికి ఎదురు సాక్ష్యం ఉంది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలలో చాలామంది వెంటనే చేరలేదు. వారిని ఎవరూ బలవంతపెట్టలేదు. 1975లో తమ డయోసిస్‌తో చేరారు. తొందరపెట్టని కలయిక నిలిచింది.

తిరుగు దారిలో పెనుకొండ వెళ్లి, ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీని రోడ్డు మీద నుండి చూశాము. 2022 ఏప్రిల్ నుండి ఇది శ్రీ సత్యసాయి జిల్లా. కొరియావారి కియా కంపెనీ 2019లో ఇక్కడ కార్లు తయారు చేయడం మొదలుపెట్టింది. దీనికి నీళ్లు గొల్లపల్లి జలాశయం నుండి, అంటే హంద్రీ-నీవా నుండి వస్తాయి. కార్లు జాతీయ రహదారి మీదుగా ఓడరేవులకు పోతాయి. ఆ మనవడి జీతం కూడా కలయిక వల్ల వచ్చినదే. తాతగారి సెనక్కాయను దెబ్బతీసిన ఆ పెద్ద సంతే మనవనికి ఉద్యోగం ఇచ్చింది.

ఆదివారం సాయంత్రం మళ్లీ ఆ పల్లెకు వెళ్లి, మేము చూసినదంతా పెద్దాయనకు చెప్పాము. "తాతా, కలిసినందుకు అన్నం వచ్చింది, కొన్ని నీళ్లు వచ్చాయి, పిల్లవాని ఉద్యోగం వచ్చింది. ధర పోయింది, రాజధాని పోయింది, 44 ఏళ్ల చదువు పోయింది. అంకె వేసి చట్టంలో వ్రాసినది ఆలస్యంగానైనా చాలా వరకు వచ్చింది. మాటగా వదిలినది రాలేదు. వేరుపడినా అంతే. కొత్త రాష్ట్రంలోనూ నీళ్లున్న తాలూకా, లేని తాలూకా ఉంటాయి. అడిగి వ్రాయించుకోకపోతే అక్కడా మనం చివరే" అన్నాము.

మనవడు ఒప్పుకోలేదు. "అడిగి అడిగి మూడు తరాలు పోయినాయి గదా అయ్యగారూ" అన్నాడు. ఆ మాటలో సత్యం ఉంది. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

పెద్దాయన మాత్రం చాలాసేపు ఆలోచించి, "అయితే జీడిపల్లి కింద పిల్లకాలువ కోసం అర్జీ రాసి పెట్టండి. ఎన్ని ఎకరాలు, ఎప్పటికి అని అందులో రాయండి" అన్నారు. లాంతరు వెలుగులో కాదు, మనవని సెల్‌ఫోను వెలుగులో ఆ అర్జీ వ్రాశాము. ఊరిలో 31 మంది సంతకాలు, వేలిముద్రలు వేశారు. చివరి సంతకం మనవడిది. భూమి అమ్మే మాట ఈ ఏటికి ఆగింది.

ప్రియమైన పాఠకులారా, మన ఇళ్లలోనూ సంఘాలలోనూ బలహీనుడు ఎవరో ఒకరు ఉంటారు. కలిసి ఉందామని ఆయనతో అనేముందు, ఆయన వాటా ఎంతో చెప్పామా? ఆయన అడగడానికి ఒక గుమ్మం ఉంచామా? ఆ పల్లె కొరకు, ఆ పిల్లకాలువ కొరకు మీ ప్రార్థనలలో జ్ఞాపకముంచుకోండి.